జుస్టీనా పొదుగు మందు

కొత్త కోడలిగా వోయ్‌స్కో కొండ మీద నుంచి ఇద్రియాకు దిగివచ్చిన రోజున జుస్టీనా చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని ఉంది. అక్టోబరు నెల, తొడుగులు వేసుకునేంత చలేమీ లేదు. అత్తగారు రోజాలియా గుమ్మంలోనే కాఫీ గిన్నె అందిస్తూ, "ఇంట్లోకొచ్చాక కూడా అవెందుకే, తీసెయ్యి" అంది. జుస్టీనా తీసింది. రోజాలియా ఆ రెండు చేతులనూ పట్టుకుని వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి తిప్పి చూసింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంది. అరచేతులు మాత్రం గొడ్డలి పిడిలా గట్టిపడి మెరుస్తున్నాయి. పెద్దావిడ కాఫీ తాగమని సైగ చేసి లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో కొడుకుతో అంది. "పిల్ల మంచిదేరా త్సిరిల్. ముఖంలోనే తెలుస్తోంది. కానీ అవి పంగలకర్ర పట్టుకునే చేతులు. నా లేసు దిండు దగ్గరికి మాత్రం రానివ్వకు."

వంటింటి తలుపు ఓరగా తెరిచే ఉంది. జుస్టీనా కాఫీ చివరి చుక్క దాకా తాగి, గిన్నె కడిగి బోర్లించింది.

ఇద్రియాలో మగవాళ్ళు భూమి కిందకు దిగి పాదరసపు రాయి తవ్వుతారు, ఆడవాళ్ళు కిటికీ పక్కన కూర్చుని లేసు అల్లుతారు. ఏ వీధిలో నడిచినా కొయ్య పుల్లలు ఒకదానికొకటి తగిలే టకటక వినిపిస్తూనే ఉంటుంది. ఆరేళ్ళు నిండిన ఆడపిల్లకు గుండుసూదులు గుచ్చి లేసు అల్లే గుండ్రటి దిండు ఒకటి, జతల జతల పుల్లలు కొన్ని చేతికి వచ్చేస్తాయి. పుల్లలకు చుట్టిన అవిసె నార దారం వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. ఆ దారంతో రోజాలియా అల్లే పువ్వులను దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు భూతద్దం పెట్టుకుని చూసేవారు. ఆ అల్లికతోనే తండ్రి లేని త్సిరిల్‌ను ఆమె పెంచి పెద్దచేసింది. అందుకని ఎవరి చేతుల గురించైనా ఆమె ఒక మాట అంటే, అది ఊరంతటికీ కొలమానం.

జుస్టీనాది పుట్టుకతోనే పొడి ఒళ్ళు. మంచు పడటం మొదలయ్యే సరికి ఆమె పిక్కల మీద చేప పొలుసుల్లా పొట్టు లేచేది, మోచేతులు బూడిద పూసినట్టు తెల్లబడేవి. చిన్నప్పుడు స్కూల్లో పక్కన కూర్చున్న పిల్లలు, "నిన్ను గోడకి రుద్దితే సున్నం రాలుతుంది" అని ఏడిపించేవారు. ఆమెను కాచుకొచ్చింది అమ్మమ్మ. ఆ ముసలమ్మకు ఏ వైద్యమూ రాదు, ఆవుల సంగతి మాత్రం తెలుసు. చలికాలంలో పొదుగులు పగిలి ఆవులు పాలు పితకనివ్వకపోతే ఏం రాయాలో తెలుసు. కడగని ఉన్నిని ఉప్పునీళ్ళలో సన్నటి మంట మీద ఉడికించి, చల్లారాక పైన తేలిన జిడ్డును తీసి, మళ్ళీ కరిగించి గుడ్డలో వడకట్టేది. అందులో కాస్త తేనెమైనం, వేసవిలో పందికొవ్వులో నానబెట్టి ఉంచిన బంతిరేకుల సారం కలిపేది. అది పచ్చగా, చిక్కగా, గొర్రె వాసనతో ఉండేది.

"పొదుగుకి పనిచేసేది పిల్లకి పనిచెయ్యదా" అనేది అమ్మమ్మ, మనవరాలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని. "వేడివేడి నీళ్ళు పోసుకోకు, హాయిగా ఉంటుంది గానీ ఉన్న నూనె కాస్తా పోతుంది. తువ్వాలుతో బరబరా తోమకు, అద్దుకో. ఒళ్ళు కాస్త తడిగా ఉన్నప్పుడే రాసెయ్యి. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకున్నావో, నా దగ్గరికి రాకు ఇంక."

ఆ మందు డబ్బా ఒకటి, పెళ్ళికి ఇచ్చిన దుప్పట్లతో పాటు జుస్టీనా వెంట కిందకు వచ్చింది.

కొండ మీద ఆడవాళ్ళు లేసు అల్లరు. అత్తగారి కిటికీ దగ్గర మొదటిసారి ఆ పుల్లలు ఆడటం చూసినప్పుడు జుస్టీనాకు కాళ్ళు కదలలేదు. పది వేళ్ళు చేసే పని కంటికి చిక్కడం లేదు, గుండుసూదుల మధ్య మాత్రం తెల్లటి ఆకు ఒకటి పుట్టుకొస్తోంది. చూస్తూ నిలబడితే రోజాలియా తల ఎత్తకుండానే, "బీన్సు అడుగంటుతున్నాయేమో చూడు" అనేది. జుస్టీనా వెళ్ళి చూసేది, అడుగంటేవి కావు.

ఇంట్లో కుదరక, పక్కింటి లోయ్జ్‌కా దగ్గర నేర్చుకుంది. లోయ్జ్‌కాకు నోరు పదును, మనసు మెత్తన. పాత దిండు ఒకటి ఇచ్చి కూర్చోబెట్టింది. నేర్చుకోవడం జుస్టీనాకు కష్టం కాలేదు. ఏ పుల్ల మీదుగా ఏది దాటాలో ఒకసారి చూస్తే చాలు, పట్టేసేది. కష్టమంతా చర్మంతోనే. పగిలిన వేలికొస మీదుగా దారం జారేటప్పుడు పోగు లేచి, పట్టుకుని, బూజు పట్టినట్టు అయ్యేది.

"అది వేలు కాదు వదినా, ఆకురాయి" అంది లోయ్జ్‌కా. "మా ఆయన గొడ్డలి పట్టుకొస్తా, కాస్త సానబట్టిపెట్టు."

దాంతో జుస్టీనా పొద్దున్నే మందు రాసుకుని కూర్చుంది. దారం జారింది, పోగు లేవలేదు. సాయంత్రానికి తెల్లటి అంచు పొడవునా వేలిముద్రల్లా పసుపు మరకలు తేలాయి. ఆ ముక్కను దాచుకుని ఇంటికి తెచ్చి ఉతకబోతుంటే రోజాలియా కంట పడింది. పెద్దావిడ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నిదానంగా బల్ల మీద పెట్టింది.

"మా అమ్మ అల్లింది, వాళ్ళమ్మ అల్లింది. ఈ ఇంట్లో జిడ్డు చేత్తో తెల్లదారం ముట్టుకున్నది లేదు. కొవ్వు మరక పోదే అమ్మాయ్. రక్తం మరకైనా ఉమ్మితో పోతుంది, కొవ్వు పోదు."

ఆ మాటలో నిజం ఉందని జుస్టీనాకు తెలుసు. ఇద్రియా ఆడవాళ్ళు చలికాలమంతా పగుళ్ళతోనే అల్లేది ఇందుకే. చేతికి ఏదీ రాసుకోరు. పైగా చెమట అంటకుండా బంగాళదుంప పిండి అద్దుకుంటారు, దాంతో చేతులు ఇంకా ఎండిపోతాయి. లేచిన పొట్టును పళ్ళతో కొరికి పారేసి మళ్ళీ పుల్లలు పట్టుకుంటారు. నొప్పి గురించి మాట్లాడేవాళ్ళు లేరు. గనిలో మొగుడు పడే పాటు ముందు వేలి పగులు ఒక లెక్కా అనుకునేవారు.

జుస్టీనా ఊరుకోలేదు. తర్వాతి చలికాలాల్లో తన చేతుల మీదే తాను రకరకాలుగా చేసి చూసుకుంది. పగలు రాసుకోవడం మానేసింది. సాయంత్రం పనంతా అయ్యాక గోరువెచ్చటి నీళ్ళలో చేతులు నానబెట్టి, అద్దుకుని, ఆ తడి మీదే మందు పట్టించి, పాత నూలు మేజోళ్ళు చేతులకు తొడుక్కుని పడుకునేది. తెల్లారి సబ్బు జోలికి పోకుండా, ఓట్స్ తవుడు గుడ్డలో కట్టి నీళ్ళలో పిసికి, ఆ పాలలాంటి నీళ్ళతో కడుక్కునేది. పైన జిడ్డు పోయేది, లోపలికి ఇంకిన మెత్తదనం ఉండిపోయేది. అల్లేముందు దారం పోగును వేళ్ళ మధ్య నుంచి లాగి చూసుకునేది. తట్టుకోకుండా వస్తే కూర్చోవడం, తట్టుకుంటే ఆ రోజుకు దిండు ముట్టకపోవడం.

అయినా వారంలో ఒక రోజు అంతా పాడయ్యేది. అది సోమవారం, బట్టల రోజు. గని బట్టలు ఎర్రటి రాతి ధూళితో పలకల్లా బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని బూడిద నీళ్ళలో ఉడకబెట్టి, రుద్ది, ఏటి నీళ్ళలో జాడించాలి. ఒక్క ఉతుకుతో వారమంతా పడ్డ శ్రమ గంగలో కలిసేది. ఒక సోమవారం రాత్రి మేజోళ్ళు తొడుక్కుంటూ జుస్టీనా కళ్ళు తుడుచుకోవడం త్సిరిల్ చూశాడు. అతను పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే నవ్వించడానికే.

"నా ధూళికి నువ్వెందుకే ఏడవడం" అన్నాడు. తర్వాతి సోమవారం పని దిగి వస్తూనే వెనక కొట్టంలోకి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని, చొక్కా చేతులు మడిచాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటి బట్టలు ఉతికింది త్సిరిలే. జాడించడానికి ఏటికి పోలేదు, కొట్టంలోనే నీళ్ళు తోడుకున్నాడు. తల్లికి తెలుసు, తెలియనట్టు ఉండేది. బయట ప్రపంచానికి తెలియదు.

అలా ఐదు శీతాకాలాలు గడిచాయి. జుస్టీనా చేతులు చూసి ఆమెది పొడి ఒళ్ళని ఎవరూ అనలేని స్థితి వచ్చింది. తలగడ గలీబులకు సన్నటి అంచులు అల్లి అమ్మేది. "అంచులు అల్లుకుంటుంది, అల్లుకోనీ" అనేది రోజాలియా, అడిగిన వాళ్ళతో. ఆర్డరు పని మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు.

పందొమ్మిదివందల యాభై ఆరు మొదట్లో రాజధాని లుబ్లియానా నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. విదేశంలో జరిగే ప్రదర్శనకు పంపడానికి పొడవైన బల్లగుడ్డ ఒకటి, అంచు నుంచి అంచు దాకా లేసే. పన్నెండు మంది ముక్కలు ముక్కలుగా అల్లి, చివరికి కలిపి కుట్టాలి. వసంతం రాకముందే ఇచ్చెయ్యాలి. రోజాలియా పెద్దరికం వహించి పని పంచింది. తను ఒక మూల తీసుకుంది. లోయ్జ్‌కాకు నడిమి పువ్వు. కోడలికి ఏమీ ఇవ్వలేదు. జుస్టీనా అడగలేదు.

ఆ ఫిబ్రవరి చలి ఇప్పటికీ ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఏరు ఒడ్డు నుంచి ఒడ్డుకు బిగుసుకుపోయింది. కిటికీ అద్దాలకు లోపలి వైపు కూడా మంచు పేరింది. పొయ్యిలు ఎర్రగా మండుతుంటే గదుల్లో గాలి ఎండిపోయి పెదవులు అంటుకుపోయేవి. ఆడవాళ్ళ చేతులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. లోయ్జ్‌కా బొటనవేలు గోరు పక్కన నిలువునా చీలింది, తెల్లటి రేకు మీద ఎర్రటి చుక్క పడింది. ఇద్దరు ఆడవాళ్ళు పని తిరిగి ఇచ్చేశారు. వాళ్ళలో ఒకామె రెండో మూల అల్లాల్సింది.

రోజాలియా మాత్రం ఎవరికీ చేతులు చూపించలేదు. కిటికీ వైపు ఇంకా తిరిగి కూర్చుంది. కట్టెలు తెచ్చి పొయ్యి దగ్గర పెడుతూ జుస్టీనా విన్నది, పుల్లల చప్పుడు ఆగి ఆగి వస్తోంది. దగ్గరికి వెళ్ళి చూసింది. పెద్దావిడ ముడి వేసిన చోట పోగు లేచింది, విప్పి మళ్ళీ వేసింది, మళ్ళీ లేచింది. చూపుడువేలిని నోట్లో పెట్టుకుని పొట్టు కొరుకుతోంది.

"అత్తయ్యా, ఈ పూటకి ఆపండి. నేను మందు రాస్తాను."

"ఆవుని కాదు నేను."

"కాదండీ. ఆవైతే అడక్కుండానే రాసేసేదాన్ని."

రోజాలియా మూతి బిగించింది, కళ్ళ దగ్గర మాత్రం నవ్వు లాంటిది మెరిసి పోయింది. "పోయి నీ పని చూసుకో" అంది.

మొదట వచ్చింది లోయ్జ్‌కాయే. ఏప్రన్‌లో చెయ్యి చుట్టుకుని వంటింటి తలుపు తోసి, "ఆకురాయి అన్నానని మనసులో పెట్టుకోకు. చూడు, నాది రంపం అయింది" అంది. జుస్టీనా ఆమెను కూర్చోబెట్టి నానబెట్టింది, అద్దింది, చీలికలో మైనం ఎక్కువ కలిపిన మందు నింపి గుడ్డ చుట్టింది, మేజోళ్ళు తొడిగింది. లోయ్జ్‌కా ముక్కు చిట్లించి, "ఈ కంపుతో పక్కలో పడుకుంటే మా ఆయన టినె, పొట్టేలు దూరిందని కేక పెడతాడు" అంది. వారం తిరగకుండా చీలిక మూసుకుంది. ఈ కబురు వీధి దాటి పోయింది. సాయంత్రాలు రోజాలియా వంటింట్లో బెంచీ నిండా ఆడవాళ్ళు, బేసిన్లు, గొర్రె వాసన. రోజాలియా ఆ వేళకు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

సోమవారం వచ్చింది, అందరూ బట్టలు ఉతుక్కున్నారు. మంగళవారం సాయంత్రం బెంచీ మీద కూర్చున్న చేతులన్నీ మళ్ళీ మొదటికి వచ్చాయి. జుస్టీనా ఒక్కొక్కరివీ చూసుకుంటూ పోయి, మందు డబ్బా మూత పెట్టేసింది.

"ఇంక రాయను."

"అదేంటే" అంది లోయ్జ్‌కా.

"దండగ వదినా. నేను మూసింది బూడిద నీళ్ళు తెరిచేస్తున్నాయి. బల్లగుడ్డ పూర్తయ్యేదాకా బట్టల తొట్టిలో చెయ్యి పెట్టమని మాటివ్వండి, రాస్తాను."

"బట్టలు మరి బిషపు గారొచ్చి ఉతుకుతారా?"

"మీ మొగుళ్ళు ఉతుకుతారు."

బెంచీ మీద ఒకామె కిసుక్కుమంది, అందరూ నవ్వడం మొదలుపెట్టారు, నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తెచ్చుకున్నారు. భార్యను తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ టినె ఒక్కడే నవ్వలేదు.

"జుస్టీనా, నువ్వు కొండ మీంచి వచ్చావు, నీకు తెలియదు" అన్నాడు. "ఈ ఊళ్ళో తొట్టి దగ్గర కూర్చున్న మగాణ్ణి నేనైతే చూళ్ళేదు."

మూల కూర్చుని బూటు తాడు బిగించుకుంటున్న త్సిరిల్ తల ఎత్తాడు. జుస్టీనా అతని వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టు అవుతుందని ఆమె భయం.

"ఐదేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నావు కదరా" అన్నాడు త్సిరిల్. "రోజూ నీ పక్కనే గనిలోకి దిగుతున్నా."

ఆ శనివారం పని దిగాక త్సిరిల్ బట్టల గంప భుజాన పెట్టుకుని, వెనక కొట్టంలోకి కాక, ముందు తలుపు తీసుకుని వీధిలోకి వచ్చాడు. ఏటి ఒడ్డున కప్పు వేసిన రేవు దాకా నడిచి, కట్టెతో మంచు పగలగొట్టి, జాడించడం మొదలుపెట్టాడు. ఎదురుగా సారాకొట్టు. కిటికీలు తెరుచుకున్నాయి.

"త్సిరిల్, ఆ లంగా నీదేనా?"

"మా ఆవిడది. నాది నడుం దగ్గర బిగుతయింది" అన్నాడతను, పిండుతూనే. "నీ చొక్కా కూడా విసురు, పోయిన ఆదివారం సూపు దాని మీదే ఉంది."

జుస్టీనా వీధి చివర నిలబడి ఇదంతా చూస్తోంది. పెళ్ళినాడు చర్చిలో అతని పక్కన నిలబడ్డప్పుడు కూడా ఆమెకు గుండె ఇంతగా నిండలేదు. ఇతను నా మనిషి అని అక్కడున్న ప్రతివాడికీ చెప్పాలనిపించింది. చెప్పలేదు, గంప రెండో చెవి పట్టుకోవడానికి మాత్రం అందరి ముందూ నడుచుకుంటూ వెళ్ళింది. త్సిరిల్ పట్టుకోనివ్వలేదు. "చేతులు లోపల పెట్టుకో" అన్నాడు.

తర్వాతి వారం టినె వచ్చాడు, చీకటి పడబోయే వేళ చూసుకుని, తల వంచుకుని. అతని వెనక ఇంకొకడు. ఆ తర్వాత సిగ్గు ఎటు పోయిందో పోయింది, రేవు దగ్గర గనివాళ్ళు వరసకట్టి ఎవడు బాగా పిండుతున్నాడని పందాలు వేసుకున్నారు. రెండు ఉతుకులయ్యాక టినె జుస్టీనా వంటింట్లోకి వచ్చి రెండు చేతులూ చూపించాడు. కణుపులన్నీ పగిలాయి.

"ఇన్నాళ్ళూ ఇలాగే ఉండేదా మా ఆవిడకి?" అన్నాడు నెమ్మదిగా.

"ఇంతకంటే ఎక్కువే" అంది జుస్టీనా, బేసిను ముందుకు తోస్తూ. "కూర్చో అన్నయ్యా."

ఆ సాయంత్రమే, బెంచీ ఖాళీ అయ్యాక, రోజాలియా గది తలుపు తెరుచుకుంది. పెద్దావిడ వచ్చి బల్ల ముందు కూర్చుని, చేతులు రెండూ చాచి పెట్టింది.

"రాయి."

ఆ వేళ్ళను అంత దగ్గరగా జుస్టీనా ఎన్నడూ చూడలేదు. ఎముకలు బయటికి పొడుచుకొచ్చి, కొసలు సూదుల పోట్లతో గరుకుబారి ఉన్నాయి. ఐదు చోట్ల లోతుగా చీలాయి. ఇలాంటి వేళ్ళతోనా ఇన్నాళ్ళూ ఆవిడ కూర్చుంది అనుకుంది జుస్టీనా. నీళ్ళు తన మోచేతి మీద పోసుకుని వేడి చూసి, అప్పుడు ఆ చేతులను దించింది. పెద్దావిడ కళ్ళు మూసుకుంది. అద్ది, మందు పట్టిస్తుంటే ఒక్కసారి మాత్రం పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చింది.

"మంటగా ఉందా అత్తయ్యా?"

"నీ పని నువ్వు కానీ."

చివరి వేలికి గుడ్డ చుట్టే సరికి పొయ్యిలో కట్టె కాలి కూలింది. రోజాలియా కళ్ళు తెరిచి, కోడలి కుడిచేతిని తన గుడ్డ చుట్టిన చేతుల్లోకి తీసుకుంది. మెడలోని పట్టు రుమాలు విప్పి ఆ అరచేతి మీద వేసి, కొస పట్టుకుని మెల్లగా లాగింది. రుమాలు ఎక్కడా తట్టుకోకుండా జారి వచ్చేసింది. మళ్ళీ వేసింది, ఈసారి వేలికొసల మీదుగా లాగింది. అప్పుడూ జారింది.

రోజాలియా లేచి తన గదిలోకి వెళ్ళి, చుట్టి ఉన్న నమూనా కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. తిరిగి ఇచ్చేసిన రెండో మూల అది.

"రేపు పొద్దున్న నా కిటికీ పక్కకి దిండు తెచ్చుకో. వెలుతురు అక్కడ బాగుంటుంది."

ఆ రాత్రి జుస్టీనా మామూలు కంటే ఎక్కువ మందు రాసుకుంది. నిద్ర మాత్రం పట్టలేదు.

ఆ మూల అల్లడం తేలిక కాలేదు. అంచులు అల్లిన చేతికి ఆ మూలలోని ద్రాక్ష తీగ నమూనా కొత్త. సగం ఆకు అయ్యాక రోజాలియా వంగి చూసి, "విప్పు" అంది. జుస్టీనా విప్పింది. మళ్ళీ అల్లింది. "ఈ తీగకి ఎముక లేదు, బిగించి లాగు" అంది. లాగింది. మధ్యాహ్నాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పొయ్యి మీద బార్లీ ఉడుకుతుంటే, పుల్లలు ఆడించేవారు. రోజాలియా పగుళ్ళు మూసుకున్నాయి. ఆమె టకటక మళ్ళీ ఆగకుండా వినిపిస్తోంది. ఒక రోజు ఆమె చెయ్యి ఆపి, పక్క దిండు మీద పూర్తయిన ఆకును చాలాసేపు చూసి, మళ్ళీ తన పనిలో పడింది. విప్పమనలేదు. జుస్టీనా తల వంచుకునే ఉంది, చెవులు మాత్రం వేడెక్కాయి.

బల్లగుడ్డ అనుకున్న వేళకు పూర్తయింది. దాన్ని స్కూలు హాల్లో బల్లలన్నీ కలిపి పరిచారు. మంచు కరుగుతున్న రోజులు, కిటికీల నుంచి ఎండ పడుతోంది. ఇంత పొడవు తెల్లదనంలో ఒక్క పసుపు మరక గాని, ఒక్క ఎర్ర చుక్క గాని లేదు. ఆర్డరు తీసుకోవడానికి లుబ్లియానా నుంచి వచ్చిన ఆయన టోపీ తీసి పట్టుకుని చుట్టూ రెండుసార్లు నడిచాడు. ఎవరు ఏది అల్లారని అడిగాడు.

రోజాలియా ముందుకు వచ్చింది. "ఈ మూల నాదండి. అదుగో, ఆ మూల మా కోడలిది. వోయ్‌స్కో పిల్ల. రెండింటికీ తేడా చెప్పండి చూద్దాం."

ఆయన వంగి ఇదీ చూశాడు, అదీ చూశాడు. చేతులెత్తేశాడు. "నాకు తెలియడం లేదమ్మా" అన్నాడు.

"నాకు తెలుసు. ఒక్కచోట ఉంది" అంది రోజాలియా. "చెప్పను."

హాలంతా నవ్వింది. గోడవారన ఆదివారపు కోట్లలో నిలబడ్డ గనివాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. టినె గొంతు పెంచి, "మా ఉతుకు సంగతి కూడా చెప్పండి ఆయనకి" అన్నాడు. లోయ్జ్‌కా వెనక్కి తిరగకుండానే, "చొక్కా కాలరు చూసుకుని మాట్లాడు" అంది.

ఆ తర్వాత ఆర్డరు పని పంచేటప్పుడు జుస్టీనా వాటా జుస్టీనాకు వచ్చేది. ఏటా మొదటి మంచు పడక ముందే కొండ మీద ఉండే ఆమె అన్న కడగని ఉన్ని మూటలు పంపేవాడు, ఆమె వెనక కొట్టంలో పెద్ద కుండ ఎక్కించేది. మందు గుణం పోకుండా వాసన తగ్గించడానికి ఎండు లావెండరు పూలు వేసి చూసింది, కొంత తగ్గింది. గనివాళ్ళు కూడా ఒక్కో డబ్బా పట్టుకెళ్ళేవారు. ఇళ్ళలోకి బట్టల మిషన్లు వచ్చేదాకా ఆ రేవులో శనివారాలు మగవాళ్ళవే. త్సిరిల్ దగ్గర పిండటం నేర్చుకున్నామని చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

రోజాలియా ఎనభైకి దగ్గరపడ్డాక ఒక నవంబరులో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్ళీ లేవలేదు. ఆమె చర్మం ఉల్లిపొరలా పలచబడింది, దుప్పటి గట్టిగా లాగినా గీరుకుపోయేలా ఉండేది. జుస్టీనా ఆ శీతాకాలమంతా ఆమె ఒంటిని పుల్లలు పట్టుకున్నంత ఒడుపుగా చూసుకుంది. పొయ్యి మీద ఎప్పుడూ నీళ్ళ గిన్నె ఒకటి ఆవిరి వదులుతూ ఉండేది, గదిలో గాలి ఎండిపోకుండా. తవుడు నీళ్ళతో కొంచెం కొంచెంగా తుడిచేది, ఒక చెయ్యి అయ్యాక దాన్ని కప్పి రెండోది తీసేది. మందును తన అరచేతుల మధ్య కరిగించి, రుద్దకుండా అద్దేది. వేళకు పక్కకు తిప్పేది. మడమల కింద మెత్తటి ఉన్ని పెట్టేది. పొద్దున్నే నర్సు వచ్చి దుప్పటి తీసి, పడకపుళ్ళ కోసం వీపు, తుంటి, మోచేతులు వెతికి చూసి, ఎక్కడా ఎర్రటి మచ్చయినా లేదని మళ్ళీ వెతికేది.

రోజాలియాకు ఇది పెద్ద గొప్ప అయిపోయింది. చూడవచ్చిన ప్రతి మనిషికీ కాఫీ కంటే ముందు కాళ్ళు చూపించేది. లోయ్జ్‌కా వస్తే, "నీ మడమలు తియ్యి, పక్కన పెట్టి చూద్దాం" అని పట్టుబట్టింది. లోయ్జ్‌కా తీయలేదు.

క్రిస్మస్ ముందు ఫాదర్ గారు దివ్య సత్ప్రసాదం పట్టుకుని వచ్చారు. కొత్తగా ఊరికి వచ్చిన చిన్నవయసు ఆయన. ప్రార్థన అయ్యాక వెళ్ళబోతుంటే రోజాలియా మోచేత్తో దుప్పటి పక్కకు నెట్టింది.

"ఫాదర్, మా కోడలి పని చూడండి."

"అత్తయ్యా" అంది జుస్టీనా పొయ్యి దగ్గర నుంచి.

"నువ్వుండవే. చూడండి ఫాదర్. ఎన్నాళ్ళుగానో మంచాన ఉన్న మనిషి కాలు ఇది. ఒక్క పగులు చూపించండి."

ఫాదర్ గారు ఎర్రబడ్డారు. కళ్ళు గోడ మీది సిలువ మీదకు పోయి, తిరిగి ఆ మడమ మీదకు వచ్చాయి. "బాగుందండి రోజాలియా గారూ. చాలా బాగుంది."

"చూసి బాగుందంటే ఎలా. ముట్టుకుని చెప్పండి."

ఆయన జుస్టీనా వైపు చూశాడు. ఆమె భుజాలు ఎగరేసింది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, వంగి, ఒక్క వేలితో ఆ మడమను తాకాడు. ముఖం మారిపోయింది. ఈసారి నాలుగు వేళ్ళూ ఆనించాడు.

"మా అమ్మకి కాళ్ళు రక్తాలు కారుతున్నాయి ఈ చలికి" అన్నాడు, ఇంకా వంగే ఉండి. "దీనికి ఏం రాస్తారండీ?"

రోజాలియా తలగడ మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. "ఆవులకి రాసేది" అంది. "జుస్టీనా, ఫాదర్‌కి ఒక డబ్బా ఇచ్చి పంపవే. పెద్దది."